బొప్పాయి మాను నుంచి కంప్యూటర్ దాకా: ఆకుల అమరికను మోడల్ చేయడం ఎలా

తిరుపతి, చిత్తూరు వైపు కాలేజీల్లో బాటనీయో, లెక్కలో, కంప్యూటర్సో చదువుతూ ఒక మంచి ప్రాజెక్టు కోసం వెతుకుతున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. మొక్క కణం ఎలా పెరుగుతుంది, ఆకులు కాండం మీద ఒక పద్ధతిలో ఎందుకు వస్తాయి అన్నది కంప్యూటర్‌లో చేసి చూడటానికి ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. ఒక బొప్పాయి చెట్టు, ఒక పాత క్యాలెండర్ కాగితం, గూగుల్ షీట్స్, ఆపైన కొంచెం పైథాన్ వస్తే చాలు. పైథాన్‌ని గూగుల్ కొలాబ్‌లో ఉచితంగా నడుపుకోవచ్చు. కాలేజీ ల్యాబ్‌లో పాత కంప్యూటర్ ఉన్నా సరిపోతుంది.

మొదలుపెట్టే ముందు ఒక తేడా మనసులో పెట్టుకోండి. ఆకుల మధ్య కోణాన్ని మనమే కంప్యూటర్‌కి ఇచ్చి గీయిస్తే వచ్చేది బొమ్మ. కోణం చెప్పకుండా, పక్కపక్కన ఉన్నవాటి మధ్య ఏం జరుగుతుందో మాత్రమే చెప్పినప్పుడు కోణం దానంతట అదే బయటపడితే అది మోడల్. ఇంటర్నెట్‌లో కనిపించే అందమైన పొద్దుతిరుగుడు చిత్రాల్లో చాలావరకు మొదటి రకం. మనం రెండోదాని దాకా వెళ్ళాలి.

మొదటి మెట్టు: చెట్టుని కొలవండి

కంప్యూటర్ తెరవకముందే ఈ పని చేయండి. కొలత చేతిలో లేకపోతే మోడల్ ఇచ్చిన జవాబు సరైనదో కాదో తేల్చుకునే దారే ఉండదు.

మన చుట్టూ ఉన్న మొక్కల్లోనే అన్ని రకాల పత్ర విన్యాసాలూ, అంటే కాండం మీద ఆకులు అమరే పద్ధతులూ దొరుకుతాయి. చెరకు, సీతాఫలం చూడండి, ఆకులు రెండు వరసల్లో ఎదురెదురు వైపులకు వస్తాయి, కోణం 180 డిగ్రీలు. తులసిలో, జిల్లేడులో జంటలుగా వస్తాయి, ప్రతి జంటా కింది జంటకి అడ్డంగా 90 డిగ్రీలు తిరిగి ఉంటుంది. గన్నేరులో కణుపుకి మూడేసి ఆకులు. పచ్చగన్నేరు మాత్రం అలా కాదు, దాని ఆకులు మెలికగా ఒక్కొక్కటే వస్తాయి, రెండింటినీ కలపొద్దు. బొప్పాయి, టమాటా, మామిడి కూడా ఈ మెలిక రకమే. మామిడిలో కొమ్మ చివర ఆకులు గుత్తిగా వచ్చేసి ఏది ముందో ఏది వెనకో తేల్చడం కష్టం. తోతాపురి తోట పక్కనే ఉన్నా సరే, మొదటిసారికి బొప్పాయినే తీసుకోండి.

బొప్పాయి గొప్పతనం ఏమిటంటే ఆకు రాలినా మాను మీద మచ్చ ఉండిపోతుంది. మచ్చలు స్పష్టంగా ఉన్నచోట ఒకటి రెండు అడుగుల ఎత్తు మేర పాత క్యాలెండర్ షీట్ చుట్టండి. అంచులు కలిసేచోట గీత గీయండి. మీద చేత్తో తడిమితే మచ్చ ఎక్కడుందో తెలుస్తుంది. ప్రతి మచ్చ మధ్యలో స్కెచ్ పెన్నుతో చుక్క పెట్టండి. తర్వాత విప్పి బల్ల మీద పరిస్తే మాను మొత్తం చదునుగా మీ ముందు ఉంటుంది. అడ్డంగా మాను చుట్టుకొలత అంటే 360 డిగ్రీలు. అన్నిటికన్నా కింద ఉన్న చుక్కకి 1, దానికి పై ఎత్తులో ఉన్నదానికి 2, ఇలా ఎత్తు ప్రకారం నంబర్లు వేయండి.

ఇప్పుడు 1 నుంచి 2కి అడ్డంగా ఎంత దూరమో కొలిచి, చుట్టుకొలతతో భాగించి, 360తో గుణించండి. ఎప్పుడూ ఒకే దిశలో కొలవాలి. మైనస్ వస్తే చుట్టుకొలత కలపండి. మాను చుట్టుకొలత 40 సెంటీమీటర్లయితే 15.3 సెంటీమీటర్ల జరుగుడు అంటే దాదాపు 137.5 డిగ్రీలు. అన్నీ 222 చుట్టూ వస్తుంటే కంగారు పడకండి, ఆ చెట్టు మెలిక రెండో వైపు తిరిగింది, అంతే. 360 నుంచి తీసేయండి. కుడి మెలికలు, ఎడమ మెలికలు రెండూ కనిపిస్తాయి.

ఒక్కో జత కోణం తేడాగా వస్తుంది, ఒకటి 128 అయితే ఇంకొకటి 145 కావచ్చు. కనీసం 15 జతలు కొలిచి సగటు చూడండి. సగటుతో పాటు ఎంత చెదిరిందో కూడా రాసిపెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది. చిన్న మొక్కల్లో కొలిచేటప్పుడు ఆకు ఎటు చూస్తోందన్నది పట్టించుకోకండి. ఆకు కాడ వెలుతురు వైపు మెలితిరుగుతుంది. కాడ కాండానికి అతుక్కున్న చోటు మాత్రమే లెక్క.

ఇంకో మాట. తిరుమల కొండ, శేషాచలం అడవి మొక్కల్ని కళ్ళతో, ఫోటోతో చూడటం వరకే. అక్కడివి తెంపకండి. పెరటి మొక్కలు, కాలేజీ తోట మనకి చాలు.

రెండో మెట్టు: ముందు బొమ్మ గీయండి

ఇది అరగంట పని. 1979లో హెల్మట్ వోగెల్ పొద్దుతిరుగుడు తల కోసం చిన్న సూత్రం ఇచ్చాడు. దాన్ని గూగుల్ షీట్స్‌లో ఇలా పెట్టండి. మొదటి నిలువు వరసలో 1 నుంచి 500 దాకా అంకెలు. రెండో వరసలో ఆ అంకెని 137.508తో గుణించగా వచ్చిన కోణం. మూడో వరసలో ఆ అంకె వర్గమూలం, ఇది మధ్య నుంచి దూరం. తర్వాత రెండు వరసల్లో దూరాన్ని కోణపు కొసైన్‌తో, సైన్‌తో గుణించండి. ఈ రెండు వరసలతో స్కాటర్ చార్ట్ పెట్టండి. సైన్, కొసైన్ ఫంక్షన్లు రేడియన్లనే తీసుకుంటాయి, డిగ్రీల్ని మార్చకుండా ఇస్తే చుక్కలు చెల్లాచెదురుగా పడతాయి.

చార్ట్ వచ్చాక కోణాన్ని ఒకే గడిలో పెట్టుకుని మారుస్తూ చూడండి. 144 ఇస్తే అయిదు తిన్నని చేతులు, 135 ఇస్తే ఎనిమిది. 137.508 దగ్గర అయితే ఎక్కడా ఖాళీ మిగలకుండా నిండుతుంది. మెలికలు లెక్కపెడితే 21, 34, 55 లాంటి ఫిబొనాచీ సంఖ్యలు వస్తాయి, అంటే ముందు రెండింటినీ కూడితే తర్వాతిది వచ్చే వరస. 137.3 ఇచ్చి చూడండి, అంత చిన్న తేడాకే బయటి అంచుల్లో చేతులు విడిపోతాయి.

ఇక్కడే చాలామంది ఆగిపోయి ప్రాజెక్టు అయిపోయిందనుకుంటారు. కానీ మొక్క దగ్గర కోణమానిని లేదు. 137.5 అనే అంకె దాని జన్యువుల్లో ఎక్కడా రాసి లేదు. మరి అంత కచ్చితంగా ఎలా వస్తోంది?

మూడో మెట్టు: కోణం చెప్పకుండా కోణం రాబట్టండి

1868లో విల్‌హెల్మ్ హాఫ్‌మైస్టర్ అనే జర్మన్ వృక్షశాస్త్రజ్ఞుడు గమనించింది ఇది: కాండం కొనలో కొత్త ఆకు, అంతకు ముందు పుట్టిన ఆకులన్నిటికీ వీలైనంత దూరంగా, పెద్ద ఖాళీ ఉన్నచోట పుడుతుంది. కొనలో కొత్త కణాలు పుట్టే విభాజ్య కణజాలం చుట్టూ ఒక వలయం ఊహించుకోండి. ఆకు ముందుగా చిన్న బొడిపెలా ఆ వలయం మీద మొలుస్తుంది. దాన్ని ఆద్యం అంటారు. కొన పెరుగుతుంటే పాత ఆద్యాలు వలయం నుంచి బయటికి జరుగుతూ పోతాయి. ప్రతి ఆద్యం తన పక్కన ఇంకోటి రాకుండా అడ్డుపడుతుంది. దూరం పెరిగేకొద్దీ ఆ అడ్డు తగ్గుతుంది. ఇంతే నియమం.

దీన్ని ప్రోగ్రామ్‌గా ఇలా రాయండి. వలయం వ్యాసార్థం 1 అనుకోండి. దాని మీద అర డిగ్రీకి ఒకటి చొప్పున 720 స్థానాలు పెట్టండి. మొదటి ఆద్యాన్ని ఎక్కడో ఒకచోట ఉంచండి. ఆ తర్వాత ప్రతి అడుగులో మూడు పనులు. ఒకటి, ఉన్న ఆద్యాలు వలయం మధ్య నుంచి ఎంత దూరంలో ఉన్నాయో ఆ దూరాల్ని ఒక వృద్ధి నిష్పత్తితో గుణించి బయటికి నెట్టండి. రెండు, 720 స్థానాల్లో ప్రతి ఒక్కదానికీ అన్ని ఆద్యాల నుంచీ వచ్చే అడ్డుని కూడండి. ఒక్కో ఆద్యం అడ్డు అంటే ఒకటిని, ఆ స్థానానికీ ఆద్యానికీ మధ్య దూరపు ఘనంతో భాగించినది అనుకోండి. మూడు, ఎక్కడ మొత్తం తక్కువగా ఉందో అక్కడ కొత్త ఆద్యం పెట్టి, దాని కోణానికీ దాని ముందుదాని కోణానికీ తేడా రాసుకోండి. చివరి 40 ఆద్యాల్ని గుర్తుంచుకుంటే చాలు, అంతకు పాతవి బాగా దూరం వెళ్ళిపోతాయి.

వృద్ధి నిష్పత్తి 2.7తో మొదలుపెట్టండి. ముందు ఆకు ఒక్కటే దగ్గరగా ఉంటుంది కాబట్టి కొత్తది సరిగ్గా దానికి ఎదురుగా వస్తుంది. కోణం 180. చెరకు! ఇప్పుడు నిష్పత్తిని కొద్దికొద్దిగా తగ్గించండి, ప్రతి విలువ దగ్గరా కొన్ని ఆకులు పుట్టనివ్వండి. 2 దగ్గరికి వచ్చేసరికి రెండో పాత ఆకు కూడా అడ్డుపడటం మొదలై 180 నిలబడదు, కోణం ఒక పక్కకి ఒరుగుతుంది. 1.2 వైపు దిగేకొద్దీ 137.5 చుట్టూ కొంచెం అటూ ఇటూ ఊగుతూ దానికి దగ్గరవుతుంది. ఆ అంకెని మీరు ఎక్కడా టైప్ చేయలేదు. మొదటిసారి తెర మీద ఇది చూసినప్పుడు కలిగే సంతోషం కోసమైనా ఈ మెట్టు మీ చేత్తోనే రాయండి, ఎవరి ప్రోగ్రామూ కాపీ చేయకండి.

ఇది కంప్యూటర్ గారడీ కాదనడానికి మంచి ఆధారం ఉంది. 1992లో ఫ్రాన్స్‌లో స్టెఫాన్ డువాడీ, ఈవ్ కూడెర్ అనే భౌతిక శాస్త్రవేత్తలు మొక్క అన్నదే లేకుండా దీన్ని చేసి చూపించారు. అయస్కాంత ద్రవం బొట్లని నూనె పళ్ళెం మధ్యలో ఒక్కొక్కటే వదిలారు. అయస్కాంత క్షేత్రంలో బొట్లు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ అంచుకి జరిగాయి. బొట్లు నిదానంగా పడినప్పుడు 180, త్వరత్వరగా పడినప్పుడు బంగారు కోణానికి, అంటే మన 137.5కి, దగ్గరగా మెలికలు వచ్చాయి.

ఈ మెట్టులో రెండు చోట్ల తడబడతారు. నిష్పత్తిని నిదానంగా తగ్గించకుండా నేరుగా 1.1 తోనో, ఇష్టమొచ్చిన మొదటి అమరికతోనో మొదలుపెడితే ఒక్కోసారి 99.5 డిగ్రీల దగ్గర స్థిరపడుతుంది. అది తప్పు కాదు. ప్రకృతిలోనూ ఉన్న, అరుదైన ఇంకో కుటుంబం. ఇక రెండోది, రెండు స్థానాల్లో అడ్డు సమానంగా ఉన్నప్పుడు కంప్యూటర్ ఎప్పుడూ మొదటిదాన్నే ఎంచుకుంటుంది, దాంతో అన్ని మొక్కలూ ఒకే వైపు తిరుగుతాయి. అడ్డు విలువలకు చాలా చిన్న యాదృచ్ఛిక సంఖ్య కలిపితే కుడి, ఎడమ రెండూ వస్తాయి.

తులసి, జిల్లేడు కావాలంటే నియమం మార్చాలి. ఇప్పటిదాకా అడుగుకొక ఆకు అని మనమే కాలాన్ని నిర్ణయించాం. దాని బదులు చిన్న చిన్న కాలపు అడుగులు వేస్తూ, వలయం మీద ఎక్కడైనా అడ్డు ఒక హద్దు కంటే కిందికి పడితే అప్పుడే, అక్కడే ఆకు పుట్టనివ్వండి. ఒకేసారి రెండు చోట్ల పడితే రెండూ పుడతాయి. దీంతో జంటలు, గన్నేరులా చక్రాలు కూడా వస్తాయి.

నాలుగో మెట్టు: ఒక్క కణాన్ని పెంచండి

పైన "కొన పెరుగుతుంది" అని ఒక అంకెతో సరిపెట్టాం. నిజంగా పెరిగేది కణం. దాని లోపల రిక్తిక అనే సంచిలోని నీరు కణకవచాన్ని, అంటే కణం బయటి గోడని, బయటికి నెడుతుంది. ఈ స్ఫీత పీడనం మామూలుగా 0.3 నుంచి 1 మెగాపాస్కల్ దాకా ఉంటుంది. కారు టైరులో గాలి పీడనం సుమారు 0.2 మాత్రమే, ఆకులో ప్రతి కణమూ అంతకంటే గట్టిగా బిగిసి ఉంటుందన్నమాట. ఆ ఒత్తిడి ఒక హద్దు దాటితేనే కవచం సాగుతుంది.

1965లో జేమ్స్ లాక్‌హార్ట్ దీన్ని ఒక్క వాక్యంలో పెట్టాడు: వృద్ధి రేటు అంటే కవచం సాగే గుణాన్ని, పీడనం నుంచి హద్దు తీసేయగా మిగిలినదానితో గుణించడమే. లెక్క కోసం పీడనం 0.6, హద్దు 0.4, సాగే గుణం 0.25 అనుకుందాం. గంటకి 0.05, అంటే 5 శాతం. కణం పొడవు రెట్టింపు కావడానికి దాదాపు 14 గంటలు. పీడనం 0.5కి తగ్గితే రేటు సగమై 28 గంటలు పడుతుంది. 0.4కి పడితే పెరుగుదల ఆగిపోతుంది. ఎండాకాలం మధ్యాహ్నం గుమ్మడి ఆకులు వాలిపోయి సాయంత్రానికి లేస్తాయి కదా, ఆ వాలిన గంటలన్నీ మోడల్‌లో సున్నా గంటలే. పీడనం హద్దు కంటే తగ్గినప్పుడు రేటు మైనస్ కాకుండా సున్నా దగ్గర ఆపండి, లేకపోతే మీ కణం వెనక్కి కుంచించుకుపోతుంది.

కణం రెట్టింపయ్యాక విభజించాలి. గోడ ఎక్కడ పెట్టాలి? కణాన్ని రెండు సమాన భాగాలు చేసే గోడల్లో పొట్టిది ఎంచుకోవాలి అనేది లియో ఎర్రెరా 1880ల్లో చెప్పిన నియమం, ఇప్పటికీ మంచి ప్రారంభం. ఒకే వరసలో ఉన్న కణాలకైతే మధ్యలో గోడ పెడితే చాలు.

అయిదో మెట్టు: కణాలు మాట్లాడుకోనివ్వండి

మూడో మెట్టులో "అడ్డు" అన్నాం. అది దేనితో చేసింది? సమాధానం ఆక్సిన్ అనే హార్మోన్. 2000లో స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో జరిగిన ప్రయోగంలో, ఆకులు పుట్టకుండా ఆపేసిన టమాటా కొన మీద ఆక్సిన్ పెడితే పెట్టినచోటే ఆకు మొలిచింది. మదనపల్లె వైపు మనం లారీల కొద్దీ చూసే టమాటానే ఈ రహస్యం విప్పింది. కణంలో పిన్1 అనే ప్రొటీన్ ఆక్సిన్‌ని బయటికి పంపుతుంది. ఏ పక్క కణంలో ఆక్సిన్ ఎక్కువుందో ఆ వైపే పిన్1 ఎక్కువగా చేరుతుంది. ఉన్నచోటికే మరింత చేరుతుంది కాబట్టి అక్కడ శిఖరం లేస్తుంది, చుట్టుపక్కల ఖాళీ అవుతుంది. ఆక్సిన్ ఖాళీ అయిన ఆ చోట ఇంకో ఆకు రాదు, మనం చెప్పుకున్న అడ్డు అదే. 2006లో రెండు పరిశోధక బృందాలు దీన్ని కంప్యూటర్‌లో నడిపి ఆకుల అమరికను రాబట్టాయి.

మీరు 60 కణాల వలయంతో మొదలుపెట్టండి. ప్రతి కణంలో ఆక్సిన్ 1, దానికి ఒక శాతం లోపు యాదృచ్ఛిక తేడా. ప్రతి అడుగులో నాలుగు మార్పులు జరుగుతాయి: తయారీ 0.01, విచ్ఛిన్నం ఉన్నదానిలో 0.01 వంతు, ఇరుపక్కలకీ విసరణ (ఎక్కువున్నచోటి నుంచి తక్కువున్నచోటికి దానంతట అదే పాకడం), ఇక పిన్1 ద్వారా రవాణా. రవాణాకి ప్రతి కణం తన ఆక్సిన్‌ని 1 రేటుతో బయటికి పంపుతుంది. దాన్ని ఎడమ, కుడి కణాల ఆక్సిన్ ఏ నిష్పత్తిలో ఉందో ఆ నిష్పత్తిలోనే పంచుతుంది. కాలపు అడుగు 0.1 పెట్టండి. అన్ని మార్పుల్నీ పాత విలువల నుంచే లెక్కించి, అందరికీ ఒకేసారి కలపాలి. ఒక్కో కణాన్ని అప్పటికప్పుడు మార్చుకుంటూ పోతే శిఖరాలు ఒక వైపుకి లాక్కుపోయినట్టు వస్తాయి.

విసరణ గుణకం 0.1 ఇస్తే దాదాపు ఏడు కణాలకొక శిఖరం లేస్తుంది, అంటే వలయం మీద తొమ్మిది దాకా. 0.3 ఇస్తే దాదాపు పది కణాలకొకటి, ఆరు శిఖరాలు. ఇవి లేవడానికి ఎక్కువ సమయం పడుతుంది, కొన్ని వేల అడుగులు నడపండి. 0.5కి చేరితే విసరణే గెలుస్తుంది, ఎంతసేపు నడిపినా చదునుగానే ఉంటుంది. శిఖరాల్ని అవి మొదటిసారి స్పష్టంగా విడిపడినప్పుడు లెక్కపెట్టండి.

ప్రోగ్రామ్ సరిగా ఉందో లేదో తెలుసుకోవడానికి ఒక పరీక్ష తప్పకుండా చేయండి. తయారీ, విచ్ఛిన్నం రెండూ సున్నా పెట్టి నడపండి. 60 కణాల మొత్తం ఆక్సిన్ మొదట ఎంతుందో చివరికీ అంతే ఉండాలి. పైసంత పెరిగినా తగ్గినా ఎక్కడో ఒక కణం పంపినది ఇంకో కణానికి చేరట్లేదని అర్థం. ఈ పరీక్ష పాసవకుండా గ్రాఫులు గీసి రిపోర్టులో పెట్టకండి.

నాలుగో మెట్టునీ దీన్నీ కలిపితే అసలు మొక్క కనిపిస్తుంది. ఆక్సిన్ ఎక్కువున్న కణంలో కవచం సాగే గుణాన్ని పెంచండి. ఆక్సిన్ కవచాన్ని వదులు చేస్తుందన్నది తెలిసిన సంగతే. కణాలు పెరిగి విడిపోతుంటే శిఖరాల మధ్య ఎడం పెరుగుతుంది, ఎడం చాలినంత అయ్యాక మధ్యలో కొత్త శిఖరం లేస్తుంది. ఇక్కడ గాఢతకీ పరిమాణానికీ తేడా గట్టిగా పట్టుకోండి. కణం పెరిగితే ఆక్సిన్ పరిమాణం మారదు కానీ గాఢత పలచబడుతుంది. కణం విడిపోతే పరిమాణం సగమవుతుంది, గాఢత మారదు. రెండింటినీ ఒకే పేరుతో రాసుకుంటే రోజుల తరబడి టెన్షన్ తప్పదు.

ఇక చెట్టుతో పోల్చండి

క్యాలెండర్ కాగితం మీది సగటుని, మూడో మెట్టు మోడల్ ఇచ్చిన సగటుని పక్కపక్కన పెట్టండి. సగటు కలిసినంత మాత్రాన తృప్తిపడకండి, చెదురు కూడా కలవాలి. బొప్పాయి కోణాలు పది డిగ్రీలు అటూ ఇటూ ఊగుతుంటే, మోడల్‌వి ఒక్క డిగ్రీ కూడా కదలకపోతే, మీ మోడల్ నిజం కంటే శుభ్రంగా ఉంది. కలిపే యాదృచ్ఛిక సంఖ్యని పెంచుకుంటూ ఏ స్థాయిలో చెట్టులాగే ఊగుతుందో వెతకండి. ఆ స్థాయి ఎంత అన్నది మీరు సొంతంగా కనుక్కున్న విషయం అవుతుంది, రిపోర్టులో అదే ముఖ్యమైన పేజీ. కొలతలో చేయి వణికితే వచ్చే తేడా కూడా ఇందులో కలిసి ఉంటుంది కాబట్టి, అదే మానుని స్నేహితుడి చేత ఇంకోసారి కొలిపించి రెండు కొలతల మధ్య తేడా ఎంతో ముందు తేల్చుకోండి.

వరస కణాల్ని దాటి ఆకు మొత్తాన్ని పలకలా కణాలతో పెంచాలనుకుంటే అన్నీ మీరే రాసుకోనక్కర్లేదు. రోలండ్ మెర్క్స్ బృందం 2011లో ప్రచురించిన వర్చువల్‌లీఫ్ అందుకోసమే తయారైంది, ఉచితం. కొమ్మలు, కాండం ఆకారం కావాలంటే ఆరిస్టిడ్ లిండెన్‌మేయర్ 1968లో ఇచ్చిన, అక్షరాల్ని నియమం ప్రకారం మార్చుకుంటూ మొక్కని పెంచే ఎల్-సిస్టమ్స్ వైపు వెళ్ళండి. అందులో మొదటి పాఠం చేతి రాతతోనే అవుతుంది: "ఎ" ఉన్నచోట "ఎబి" రాయాలి, "బి" ఉన్నచోట "ఎ" రాయాలి. "ఎ"తో మొదలుపెట్టి వరసగా రాసుకుంటూ పోయి ప్రతి వరసలో ఎన్ని అక్షరాలున్నాయో లెక్కపెట్టండి. 1, 2, 3, 5, 8, 13 వస్తాయి.